పరారీలో ఉన్న పదిమంది

తొంభయ్యవ దశకం మధ్యలో నేను కరీంనగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ విభాగాధిపతిగా ఉన్నాను. ఆ ఏడు వానాకాలంలో కోర్టు నుంచి ఒక లేఖ వచ్చింది. పక్కనే ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబావుల ప్రాంతంలో పోలీసులు జప్తు చేసిన వీడియో గేమ్ యంత్రాన్ని పరీక్షించి, అది జూద సాధనమా కాదా చెప్పాలన్నది దాని సారాంశం. జూద నిరోధక చట్టంలో ఒక మినహాయింపు ఉంది. గెలుపోటములు ప్రధానంగా ఆడేవాడి నేర్పు మీద ఆధారపడితే అది జూదం కాదు. ఆ నేర్పు ఉందో లేదో తేల్చవలసిన నిపుణురాలిని నేను. అప్పటికి నా జన్మలో ఒక్క వీడియో గేమ్ ఆడి ఎరగను.

లేఖ వెంట పంచనామా ప్రతి వచ్చింది. జప్తు సమయంలో ఇద్దరు సాక్షుల ముందు చూసింది చూసినట్టు రాయవలసిన కాగితం అది. అందులో ఇలా ఉంది: “తెరపై పదిమంది జూదరుల పేర్లు మూడేసి ఇంగ్లీషు అక్షరాలలోను, ఎదురుగా వారు ఒడ్డిన మొత్తములు అంకెలలోను కనిపించినవి. సదరు పదిమంది పరారీలో ఉన్నారు.”

పరారీలో లేనివాడు మొదటి ముద్దాయి, దుకాణం యజమాని సత్తయ్య. గనిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే హాలర్ యంత్రం నడిపేవాడు. కాలు నలిగి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఈ ఒక్క యంత్రం కొని, షట్టర్ గది అద్దెకు తీసుకుని బతుకుతున్నాడు. నేరం రుజువైతే యంత్రాన్ని పగలగొడతారు. ఊళ్లో జూదగాడన్న పేరు మిగులుతుంది.

ఠాణాకు వెళ్తే ఎస్సై కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, ముందే టైపు చేయించిన ధ్రువపత్రం నా ముందు పెట్టాడు. “పరీక్షించితిని. జూద యంత్రమని నిర్ధారించితిని.” అంతే, రెండు ముక్కలు. యంత్రం చూడాలన్నాను.

“గది పిల్లలాట మేడం. మీ అసొంటోళ్లు జూసేదేముంటది? జర సంతకం వెట్టుండ్రి, సాలు” అన్నాడు.

పిల్లలాటైతే జూదం ఎట్లా అయిందని అడిగాను. ఆయన సామాను గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

జప్తు సామాను గదిలో సారా డబ్బాలకూ తుక్కు సైకిళ్లకూ మధ్య ఉంది యంత్రం. తెచ్చిన నాటి నుంచి ఒక్కరూ దానికి కరెంటు ఇచ్చి చూడలేదు. వెనక తలుపు విప్పాను. వేసిన నాణెం కింద పెట్టెలో పడుతుంది. తిరిగి బయటికి వచ్చే దారే లేదు. కరెంటు ఇవ్వగానే తెర మీద పంచనామాలో రాసిన పది పేర్లూ వచ్చాయి. ఆపి మళ్లీ పెట్టాను. అవే పేర్లు, అవే అంకెలు. పదిసార్లు చేశాను, పదిసార్లూ అంతే. కరెంటు పోతే గుర్తుంచుకునే ఏర్పాటు ఆ బోర్డులో లేదు. కొత్తగా ఆడేవాళ్లకు దాటవలసిన హద్దు ఏదో ఒకటి ఉండాలని తయారుచేసినవాడే ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లవి, అంకెలు పాయింట్లు. ఆ పదిమంది అసలు పుట్టనే లేదు. వాళ్ల కోసం ఒక హెడ్ కానిస్టేబుల్ నెల రోజులుగా ఊరూరా తిరుగుతున్నాడు. నవ్వు రాలేదు నాకు, ఒళ్లు మండింది. ప్లగ్గు పెట్టి చూడటానికి ఎంత సేపు పడుతుందండీ?

ఇక నేర్పు సంగతి. ఆటలో పసుపుపచ్చ కండువా కట్టుకున్న ఒక వీరుడు ఉంటాడు. మంటలంటుకున్న మేడ కిటికీల్లోంచి మనుషులు పడిపోతుంటారు. వాడు ఎగిరి వాళ్లను పట్టుకుని కిందికి దించాలి. మధ్యలో గబ్బిలాల్లాంటి శత్రువులు అడ్డం వస్తారు. నేను ఆడితే నిమిషం తిరక్కుండా పోయేవాడు. ఒక పూటంతా ఆడాను, ఎందుకు పోతున్నాడో అర్థం కాలేదు. నా ఆటను బట్టి రాయాలంటే అది పచ్చి అదృష్టమే. అట్లా రాస్తే ఠాణా వాళ్లకూ నాకూ తేడా ఏమిటి?

అందుకే ముద్దాయి చేత నా ఎదుట ఆడించడానికి మేజిస్ట్రేటు అనుమతి అడిగాను. అనుమతి వచ్చింది, ఎస్సై మొహం మాడ్చుకున్నాడు. సత్తయ్య కుంటుకుంటూ వచ్చి, యంత్రం మీది దుమ్ము తువ్వాలతో తుడిచి, మొదలుపెట్టాడు. మనిషి ఏ కిటికీలోంచి పడబోతాడో ముందే చెప్పమన్నాను. ఎడమ రెండోది, కుడి పైది అంటూ చెప్పుకుంటూ పోయాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మూడు రోజుల్లో ఒక్కటీ తప్పు పోలేదు. వరుస స్థిరంగా ఉంది, అదృష్టానికి చోటే లేదు.

నేనెందుకు ఓడిపోతున్నానో కూడా అతనే చెప్పాడు.

“చేతుల మనిషి ఉన్నప్పుడు వీడు కొట్టలేడు మేడం. మీరు కొట్టవోతున్నరు. తప్పుకోవాలె, గంతే. హాలర్ మీద గూడ గిట్లనే. కింద మనుషులున్నరని గంట గొడితే చెయ్యి నెమ్మది గావాలె.”

మూడో రోజు నేను నాలుగు అంతస్తులు దాటాను. దాటుతుంటే తయారుచేసినవాడి మీద గౌరవం కలిగింది. బలం ఎంతున్నా, మనిషిని ఎత్తుకున్న క్షణం నుంచి దాన్ని వాడకూడదని ఆ వీరుడికి నియమం పెట్టాడు. మీట మెల్లగా నొక్కితే కండువాకు గాలి పట్టి తేలుతాడు, ఆత్రపడి అదిమితే రాయిలా పడతాడు. అంత చిన్న చిప్పులో అంత ఆలోచన! దాన్ని సారా డబ్బాల పక్కన పడేశారు.

ఇవన్నీ నివేదికలో రాశాను. విచారణ రోజు ప్రభుత్వ న్యాయవాది లేచి, గెజిటెడ్ అధికారి అయ్యుండి ఎన్ని గంటలు ఆడారని అడిగాడు. పదకొండు అన్నాను. కోర్టు గొల్లుమంది. నవ్వు ఆగాక ఆయన ఇంకో కాగితం తీసి నా చేతికిచ్చాడు.

ఇక్కడ నేను ఇంతసేపూ చెప్పని మాట ఒకటుంది. అంతకు ముందు ఏడు హుస్నాబాద్ వైపు ఒక ఊళ్లో ఇదే ఆట ఉన్న ఇంకో యంత్రం జప్తయింది. టైపు చేసిన ఇదే రెండు ముక్కల పత్రం నా బల్ల మీదికి వచ్చింది. పరీక్షల మూల్యాంకనం హడావుడిలో ఉండి, యంత్రం చూడకుండా సంతకం పెట్టేశాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఆ కాగితమే.

“రెండింటి కిందా సంతకం మీదే. ఏది అబద్ధం?” అని అడిగాడు.

అది వేరే యంత్రమని తప్పించుకోవచ్చు. కానీ రెండింటిలోనూ ఆట ఒకటే. ఆ సంగతి బయటపడితే నా మాటకు విలువ పోయి సత్తయ్య మునుగుతాడు. బోనులో ముద్దాయిగా నిలబడి అతను నా వైపే చూస్తున్నాడు.

“మొదటిది అబద్ధం. చూడకుండా పెట్టిన సంతకం అది” అన్నాను.

కోర్టులో ఎవరూ నవ్వలేదు. సత్తయ్య మీద కేసు కొట్టేశారు, యంత్రం తిరిగి ఇచ్చారు. నాకు శాఖ నుంచి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఎస్సైకి ఏమీ కాలేదు. లేని పదిమందిని పరారీ చేసినవాడికి ఎందుకు మెమో ఇవ్వరని రాసి అడిగాను. ఇప్పటికీ జవాబు రాలేదు.

ఆ మొదటి యంత్రం యజమాని పేరు రాములు. వెతుక్కుంటూ వెళ్లాను. యంత్రాన్ని సమ్మెటలతో పగలగొట్టాక మళ్లీ మరమగ్గాల కూలికి పోయాడట. ఆ మోతలో నేను అరిచి చెప్పిందంతా విని, మగ్గం ఆపాడు. తిట్టలేదు.

“మీరొక్కసారి ఆడి సూస్తె అయిపోతుండె గద మేడం” అన్నాడు. మళ్లీ మగ్గం నడిపాడు.

నేను నేర్చుకున్నది ఇంతే: “పరీక్షించితిని” అన్న మాట కింద సంతకం పెట్టేవాళ్లు ఆ వస్తువును తమ చేత్తో నడిపి చూసి ఉండాలి. రిటైరయ్యే దాకా అట్లాగే చేశాను. ఫైళ్లు ఆలస్యం చేస్తుందని నా మీద పైకి రాశారు. రాసుకోనీ. రాములు యంత్రం పగలగొట్టించడానికి నా సంతకం ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.