మెట్లెక్కని మొక్కు

మొన్న సోమవారం పొద్దున తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు కరెంటు రైల్లో వస్తుంటే, మెడలో కంపెనీ కార్డు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి ఉన్నట్టుండి కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగింది. పెట్టెలో జనమంతా లేచారు. "సావి! యార్‌కిట్టయావదు సావి ఇరుక్కా?" అని తాళంచెవుల కోసం ఒకటే అరుపులు. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే తగ్గిపోతుందని మా వైపు నమ్మకం. ఒకాయన స్కూటర్ తాళంచెవి, ఒకావిడ బీరువా తాళంచెవి ఆ పిల్ల పిడికిట్లో కుక్కుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఆ పిల్లను ఒక పక్కకు తిప్పి, తల కింద నా సంచీ పెట్టి, ఎవరూ గట్టిగా అదిమి పట్టవద్దని చెప్పాను. కాసేపటికి కళ్ళు తెరిచింది. మంచినీళ్ళు అడగలేదు, ఎక్కడున్నానని అడగలేదు. "ఆఫీసుక్కు సొల్లిట్టీంగళా?" అంది. ఆఫీసుకు చెప్పేశారా అని. ఆ మాట వినగానే నేను పక్క సీటు పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ పిల్ల కళ్ళలోని భయం నాకు బాగా తెలుసు. దాంతో నేను ఏళ్ళ తరబడి కాపురం చేశాను.

నాకు ఈ జబ్బు పదో తరగతి ముగిశాక మొదలైంది. వచ్చే ముందు ఒక గుర్తు ఉంటుంది. ఎక్కడా ఏమీ మాడకపోయినా అడుగంటిన అన్నం వాసన ముక్కుకు తగులుతుంది. తరవాత ఎడమ చేతి బొటనవేలు దానంతటదే అదురుతుంది. ఆపైన ఏం జరిగేదీ నాకు తెలియదు. కళ్ళు తెరిస్తే చుట్టూ ముఖాలు, అన్నీ నావైపే. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, ఎత్తులు ఎక్కొద్దని, ఒంటరిగా పొయ్యి దగ్గరకు పోవద్దని చెప్పింది. మా అమ్మ ఇంకొకటి చేర్చింది. "యాడా నోరు తెరవద్దు పాపా. తెలిస్తే పనీ ఉండదు, పక్కన కూర్చునే మనిషీ ఉండరు." అమ్మ ఊరికే అనలేదు. మొదట చేరిన కంపెనీలో ఒకసారి పడిపోయాను. మర్నాడు వెళితే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, నా టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపేశాడు.

ఆ తరవాత దొరికిన పని తిరువళ్ళూరులో, వీరరాఘవస్వామి గుడికి పోయే వీధిలోని బట్టల అంగట్లో. యజమానిని అక్కడ తెలుగువాళ్ళం కూడా ముదలాళి అనే అంటాం. ఆయన ఇంట్లో తెలుగు, గిరాకీలతో తమిళం మాట్లాడేవాడు. కోపం వస్తే రెండూ కలిసి వచ్చేవి. నా పని కంప్యూటర్లో బిల్లు వేయడం. పని బాగానే ఉంది గానీ, పక్కనే ఒక టిఫిన్ హోటలు ఉంది. ఆ హోటల్లో వంటవాడు ఎవరో గానీ, పొద్దునొకటీ సాయంత్రమొకటీ దోసె మాడ్చకుండా ఉండేవాడు కాదు. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నా ప్రాణాలు పైకి పోయేవి. కౌంటరు అంచు రెండు చేతులా పట్టుకుని, బొటనవేలి వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఎదుట గిరాకీ "ఎన్నమ్మా, బిల్లు?" అని అడుగుతూనే ఉండేది. మంచి వంటవాడి పక్కన ఉండి ఉంటే నా జీవితంలో సగం భయం తగ్గి ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అంగడి వెనక పైకి పోవడానికి నిలువునా ఇనుప మెట్లు ఉండేవి. సరుకంతా పైనే. చేరిన వారంలోనే ముదలాళి, "పాపా, పైన పట్టుచీరల పెట్టె ఉండాది, దించుకోని రా" అన్నాడు. ఆ మెట్లను చూస్తే, ఎత్తులు ఎక్కొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. నోటికి ఏదొస్తే అది అనేశాను.

"నేను మెట్లెక్కకూడదయ్యా. మొక్కుకోనుండాను."

"ఏం మొక్కుమ్మా అది?"

"తిరుత్తణి కొండ మెట్లెక్కి సామిని చూసేదాకా ఇంకే మెట్లూ ఎక్కనని."

ఆయన చటుక్కున చేతులు జోడించి "మురుగా" అన్నాడు. ఆ రోజు నుంచి నన్ను మెట్లెక్కమన్నవాళ్ళు లేరు. పైగా అంగట్లో నాకు మహా భక్తురాలినని పేరొచ్చింది. చీరలు మడతపెట్టే అక్క నన్ను అన్నింటికీ ముహూర్తాలు అడిగేది. నా మాత్రలను నేను విభూది డబ్బాలో దాచేదాన్ని. ఒకరోజు ఆ అక్క, "రవంత ఈబూది పెట్టు పాపా, తలనొప్పిగా ఉండాది" అని డబ్బా మీద చెయ్యి వేసింది. లాక్కుని, ఆడవాళ్ళు ముట్టుకోకూడని విభూది అన్నాను. "నువ్వు మగదానివా?" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. డబ్బాను సంచీ అడుక్కి తోసేశాను.

అబద్ధం కొన్ని నెలలు బాగానే నడిచింది. ముదలాళి వాళ్ళమ్మను అందరం అవ్వ అనేవాళ్ళం. మధ్యాహ్నాలు గల్లాపెట్టె పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుండేది. ఒకనాడు నన్ను పిలిచి, "ఏమ్మే, పక్కనుండే తిరుత్తణికి పోయేదానికి ఇన్ని నెల్లా? వచ్చే కృత్తికకి నేనూ వస్తా. చెయ్యి పట్టుకోని ఎక్కించు. నీ మొక్కూ తీరిపోతాది, నాకూ పుణ్యం" అంది. ముదలాళి సంబరంగా, తానూ చీరల అక్కా కూడా వస్తామన్నాడు. కాదనడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకునే దారి నేనే మూసేసుకున్నాను.

ముందు రోజు భయంతో కన్ను మూయలేదు. దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదని అవ్వ ఆన. నిద్ర లేకపోవడం, కడుపు మాడ్చుకోవడం, రెండూ నా ఒంటికి విషమని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. కొండ కింద ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మెట్టు మెట్టుకీ కర్పూరం. గుండు కొట్టించుకున్న తలల మీద గంధం. కావళ్ళు మోసేవాళ్ళ వెనక మేళాలు. అవ్వ తన బరువంతా నా కుడి చేతి మీద మోపి, మెట్టుకొకసారి "అరోహరా" అంటూ ఎక్కుతోంది. ముదలాళీ అక్కా కొంచెం వెనకబడ్డారు. సగం దాటామో లేదో, అడుగంటిన అన్నం వాసన వచ్చింది. ఎక్కడో పొంగలి మాడుతుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మాడుతూ ఉండాలని ఆ స్వామినే వేడుకున్నాను.

"అవ్వా, మాడు వాసన వస్తా ఉండాదా?"

అవ్వ ముక్కు ఎగబీల్చింది. "లేదే. గందం వాసన వస్తా ఉండాది."

అంత భయం నాకు అంతకు ముందూ లేదు, తరవాతా లేదు. బొటనవేలు అదరడం మొదలైంది. వెనక్కి చూస్తే రాతి మెట్లు కిందికి జారిపోతున్నట్టు ఉన్నాయి. ఇప్పుడు నేను పడితే నా చేతిని నమ్ముకున్న ఈ ముసలి ప్రాణం కూడా నాతోపాటే దొర్లిపోతుంది. అమ్మ కట్టిన నోరు అప్పుడు విప్పాను.

"అవ్వా, నాకు ఫిట్స్ వస్తాది. ఇప్పుడే. నా చెయ్యి ఇడిసిపెట్టి కూర్చో. కూర్చో అవ్వా!"

కళ్ళు తెరిచేసరికి నా తల అవ్వ ఒళ్ళో ఉంది. గుప్పిట్లో ముదలాళి మొలకు ఎప్పుడూ వేలాడే అంగడి తాళాల గుత్తి. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. చుట్టూ జనం చేతులు జోడించుకుని నిలబడ్డారు. నా మీదికి స్వామి వచ్చాడనుకుని ఒకావిడ తన కొడుక్కి ఉద్యోగం ఎప్పుడొస్తుందని నన్ను అడిగిందట. నా ఉద్యోగం పోతున్న క్షణంలోనే అడిగిందని తరవాత తలుచుకుంటే నవ్వొచ్చింది గానీ, అప్పుడు ఏడుపు తప్ప ఏమీ రాలేదు. జబ్బు సంగతి, మొక్కు సంగతి, విభూది డబ్బా సంగతి అన్నీ ఆ మెట్ల మీదే చెప్పేశాను. ముదలాళి తాళాల గుత్తి తీసుకుని మళ్ళీ మొలకు తగిలించుకున్నాడు. తిరుగు రైలు దిగాక, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు పాపా. నేను చెప్పి పంపిస్తా" అన్నాడు.

కబురు రాలేదు. రాదని నాకు తెలుసు. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి నిలబడేదాన్ని. చివరికి అమ్మ వద్దంటున్నా నేనే బయల్దేరాను. ఆయన కసురుకుంటే ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ఆయన కసురుకోలేదు.

"నాకు బయ్యంగా ఉండాది పాపా. అంగట్లో పడి తలకాయ పగిలితే మీ అమ్మకి నేనేం చెప్పేది?"

"నాకూ బయ్యమే అయ్యా. దినామూ" అన్నాను. ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. "పైకి ఎక్కలేను. కింద కూర్చోని బిల్లు వేస్తా. పడితే ఒక పక్కకి తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, అదిమి పట్టుకోవద్దు. కొంచేపటికి నేనే లేస్తా. లేకపోతే ఆస్పత్రికి తీసుకోని పోండి."

గల్లాపెట్టె పక్క నుంచి అవ్వ అంది. "తాను పడిపోతా కూడా నన్ను కూర్చోపెట్టింది గదరా. దీన్ని యాడికి పంపిస్తావు?"

మర్నాటి నుంచి మళ్ళీ పనిలో ఉన్నాను. ఎత్తు స్టూలు తీసేసి చేతుల కుర్చీ వేయించాడు. అద్దాల బీరువాను నా పక్కనుంచి జరిపించాడు. అంతటితో భయం పోలేదు, ఇంకో నలుగురికి పంచినట్టయింది. నేను ఆవులిస్తే ముదలాళి లేచి నిలబడేవాడు. తుమ్మితే అక్క పరుగెత్తుకొచ్చేది. అంగట్లో పనిచేసే ఇంకొక అమ్మాయి నా పక్కన అన్నం తినడం మానేసింది. నేను అక్కడున్నన్నాళ్ళూ మళ్ళీ కూర్చోలేదు.

దీపావళి బేరాల్లో, అంగడి నిండా జనం ఉండగా, మళ్ళీ వచ్చింది. ఆ సంగతి అక్క చెప్తేనే తెలిసింది. జనం సావి సావి అని అరుస్తుంటే ముదలాళి అడ్డంగా నిలబడి, "వేణాంమ్మా. ఎంగ వీట్టు పొణ్ణు. కొంజ నేరత్తుల ఎళుందుక్కుం" అన్నాడట. వద్దమ్మా, మా ఇంటి పిల్ల, కాసేపట్లో లేస్తుందని. ఆ మాట అంటూనే తాళాల గుత్తిని తన గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడట. అక్క నా చీర సర్ది, తల కింద మడత పంచెలు పెట్టిందట. లేచి, మొహం కడుక్కుని, ఒంట్లో ఓపిక వచ్చాక వెళ్ళి చూస్తే తెరమీద బిల్లు సగంలో ఆగి ఉంది. గిరాకీ ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. మిగతా సగం వేసి ఇచ్చాను.

మాత్రలతో జబ్బు చాలావరకు లొంగింది. అవ్వ పోయింది, ముదలాళి ముసలివాడయ్యాడు. నేను బతికిన కాలంలో అక్కడక్కడా కొన్ని నిమిషాలు నాకు లేవు. వాటిలో ఏం జరిగిందో, ఎవరు ఏడ్చారో, ఎవరు అడ్డం నిలబడ్డారో నేను చూడలేదు. భయపడుతూనే నన్ను కనిపెట్టుకుని కూర్చున్న ఆ కొద్దిమంది దగ్గర ఆ నిమిషాలు ఉన్నాయి. ఒక్కొక్కరూ వెళ్ళిపోతుంటే, నా వయసులోంచి కొంత కాలం కూడా వాళ్ళతో వెళ్ళిపోతోంది.