ఆ రోజు నేను చెప్పిన పేరు

ఒక పేరు నా నోటి నుంచి బయటికొచ్చి ఏళ్ళవుతోంది. ఇప్పటికీ అది నన్ను వదలడం లేదు. ప్రతి ఆగస్టు పదిహేనున ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి మాట్లాడుతుంటే మా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుంటారు. నేను మాత్రం వంటింట్లో ఏదో ఒక పని కల్పించుకుంటాను. నాకు దేశభక్తి లేదని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. అసలు సంగతి ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. ఆ ఏడాది ఆగస్టు పదిహేను ఉదయం మా అందరినీ హాల్లో కూర్చోబెట్టి పెద్ద తెర మీద ప్రసంగం వేశారు. ప్రసంగమంతా హిందీ. బడిలో హిందీ చదివామన్న మాటే గాని, పరీక్ష రాసిన సాయంత్రానికే దాన్ని మరిచిపోయినవాళ్ళం. అందుకని మా వరస వరసంతా షమీమ్ వైపు ఒరిగి కూర్చుంది. షమీమ్ నా రూమ్మేటు. మాచర్ల అమ్మాయి, వాళ్ళ నాన్న దర్జీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి ఆమెకు హిందీ ఇట్టే అర్థమవుతుంది. సినిమా అయినా సీరియల్ అయినా ఆమె చెబితేనే మాకు. ఆ రోజు కూడా ఒక్కో మాటా గుసగుసగా తెలుగులో చెప్పింది. తన సొంత మాట ఒక్కటీ కలపలేదు.

ప్రసంగం అయ్యాక లోకల్ కేబుల్ చానల్ వాళ్ళు విద్యార్థుల స్పందన కోసం వచ్చారు. తడుముకోకుండా మాట్లాడతానని ప్రిన్సిపాల్ నన్ను నిలబెట్టారు. చాలా స్ఫూర్తి పొందానని రెండు ముక్కలు చెబితే చాలన్నారు. నేనూ అదే చెప్పబోయాను. కాని మైకు ముందుకు రాగానే మా అమ్మ గుర్తొచ్చింది. మాది మాచవరం దగ్గర పల్లె. ఇంటింటికీ కుళాయి నీళ్ళని ప్రధానమంత్రి అన్నారని షమీమ్ చెప్పింది కదా, అదే పట్టుకున్నాను. మా ఇంటికి కుళాయి వచ్చింది గాని నీళ్ళు రాలేదని, మా అమ్మ దానికి గేదె పలుపు తగిలిస్తుందని, తాగే నీళ్ళకి ఇప్పటికీ డబ్బా పట్టుకుని ప్లాంటు దాకా నడుస్తుందని చెప్పేశాను. ఎవరూ చెప్పమనలేదు. ఆ మాటలన్నీ నావే. నా జీవితంలో భయం లేకుండా మాట్లాడింది ఆ కాసేపే అనుకుంటాను.

సాయంత్రం కేబుల్లో వచ్చింది. మెస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు. గాల్లో తేలిపోయాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరో ఫోన్ చేసి చీవాట్లు పెట్టారట. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"ఏమ్మా, ఈ తెలివితేటలు నీయేనా? నీ చేత ఎవరు చెప్పిచ్చారు?"

నేను ఫీజు రాయితీ మీద చదువుతున్న పిల్లని. పంపించేస్తే మా అమ్మ మొహం ఎలా చూడాలి?

"షమీమ్ చెప్పమంది సార్."

ఆ పేరే ఎందుకొచ్చింది? పక్కన కూర్చున్నందుకా? ఇటు పక్కన ఇంకో అమ్మాయి కూడా కూర్చుంది. ఆ అమ్మాయి పేరు చెబితే ఆయన ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేవారు. షమీమ్ అంటే ఇట్టే నమ్మేస్తారని, ఆమె తురక పిల్ల కాబట్టి నమ్మేస్తారని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ భయంతో నోరు జారిందని సర్దిచెప్పుకున్నాను. జారలేదు. ఆ గదిలో, ఆ రెప్పపాటులో, ఎవరి పేరైతే పని చేస్తుందో వెతికి మరీ తీశాను. నిజంగానే ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. "అదీ సంగతి," అని కుర్చీలో వెనక్కి వాలారు. ఇంత సిగ్గుమాలిన పని చేసి, బయటికొచ్చి హమ్మయ్య అనుకున్నాను.

షమీమ్ వాళ్ళ నాన్నని పిలిపించారు. తను అర్థం మాత్రమే చెప్పానని ఆమె ఎంత ఏడ్చినా ఎవరూ వినలేదు. ఆమె పేరు ఎవరు చెప్పారో మాత్రం ప్రిన్సిపాల్ బయటపెట్టలేదు. పొమ్మని ఎవరూ అనలేదు గాని, ఆయన భయపడ్డారు. చేతులు జోడించి, ఆ సాయంత్రమే కూతుర్ని తీసుకెళ్ళిపోయారు. పెట్టె మోసుకుంటూ మెట్ల దగ్గర నన్ను చూసి, "నువ్వన్నా బాగా చదువుకో అమ్మా," అన్నారు. చదువుకున్నాను. ఉద్యోగం కూడా వచ్చింది. నర్సింగ్ చెయ్యాలని కలలుగన్న షమీమ్‌కి ఆ ఏడాదే పెళ్ళి చేశారని విన్నాను.

మొన్నామధ్య పిడుగురాళ్ళ బస్టాండులో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. షమీమ్! చంకలో పాప. నన్ను చూసి ఆమె కళ్ళలో ఎంత సంతోషమో. నేను పాప బుగ్గ నిమురుతూ చూపు తప్పించుకున్నాను.

"ఏమే, చానా రోజులకి కనపడ్డావే! నేను గుసగుసలాడతంటే ఎవరో చూసి సార్‌కి చెప్పార్లే. నా మూలాన నీకేం మాటొచ్చిందో ఏందోనని ఎంత బాధపడ్డానో తెల్సా? నిన్నేమీ అన్లేదుగా?"

నన్నేమీ అనలేదని చెప్పాను.

అంతే చెప్పాను. ఎదురుగా నిలబడి, ఆమె చేతిలో నా చెయ్యి ఉండగా కూడా అసలు సంగతి చెప్పలేదు. మాచర్ల బస్సొస్తే ఆమె వెళ్ళిపోయింది, కిటికీలోంచి పాప చేత టాటా చెప్పిస్తూ. ఆమె దగ్గర ఫోన్ నంబరు కూడా అడగలేదు. అడిగితే ఏదో ఒక రోజు చెప్పాల్సి వస్తుందని.

ఈ మాటలు ఆమెకు చెప్పాల్సినవి. మీకు చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమే, నాకు తెలుసు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. షమీమ్ ఏ తప్పూ చెయ్యలేదు. ఆమె పేరు చెప్పింది నేను.