పడవ కథలో నాలుగో అధ్యాయం

ఉదయగిరి కొండ కింది మిషను బడిలో పంతులమ్మ రాహేలమ్మకు పుస్తకమంటే సంతలో వంకాయ లాంటిది. గిల్లి చూడందే గంపలో వేయదు. నెల్లూరు నుంచి బండి మీద వచ్చిన ప్రతి కథల పుస్తకాన్నీ ముందు ఇంట్లో గొంతెత్తి చదివేది. వినేది మొగుడు కొండలయ్య. ఆయన కునుకు తీశాడంటే ఆ పుస్తకం బడి మెట్టు ఎక్కదు. ఇంతకన్నా గట్టి పరీక్ష గురించి నేనెక్కడా వినలేదు.

ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు పోయిన మరుసటి ఏడు ఒక పడవ కథ వచ్చింది. పడవవాడి కూతురు తల్లితో కలిసి ఏటి వెంట సముద్రం చూడ్డానికి పోతుంది. కొండలయ్య రెప్ప వేయకుండా విన్నాడు. అయితే నాలుగో అధ్యాయంలో ఆ తల్లి జ్వరంతో చనిపోతుంది. అక్కడే రాహేలమ్మకు చిక్కొచ్చి పడింది. బడిలో మస్తానమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. దాని తల్లి కరువులో, ఆత్మకూరులో గంజి పోస్తున్నారని విని బయల్దేరి, దారిలోనే కన్నుమూసింది. ఊరందరికీ తెలిసిన సంగతే. పిల్లకు మాత్రం, అమ్మ పుట్టింటికి పోయింది, వస్తుందని అవ్వ చెప్పి పెట్టింది. పెద్దవాళ్ళకు పిల్లల మీద జాలి ఎక్కువ, నమ్మకం తక్కువ.

అంత మంచి కథను వదులుకోలేక, ఆ ఒక్క అధ్యాయం దాటేద్దామనుకుంది రాహేలమ్మ.

మధ్యాహ్నాలు చదివేది. పడవ మొహం చూడని మెట్ట పిల్లలు కళ్ళు సగం మూసుకుని మెల్లగా ఊగేవాళ్ళు. కొండ మీద మబ్బు కిందికి జారేది, బడి పాకలోకి తడి గాలి వచ్చేది, నేల మీద ఉన్నామో ఏటి మీద ఉన్నామో ఎవరికీ తెలిసేది కాదు. ఆ మత్తులోనే, తల్లి పుట్టింటికి పోయిందని చెప్పి ముందుకు సాగిపోయింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతుక్కుంది. రోజూ పుస్తకం మూయగానే మస్తానమ్మ ఒకటే అడిగేది, పడవ పిల్ల వాళ్ళమ్మ వచ్చిందా అని. వస్తుందిలే అని చెప్పి, రాహేలమ్మ ఇంటికొచ్చి ఏడ్చేది. చివరికి ఒక్క అధ్యాయమే మిగిలింది. అందులో పిల్ల ఒంటరిగా సముద్రం చేరుతుంది. ఉన్నదున్నట్టు చదివితే మస్తానమ్మ గుండె పగులుతుంది. తల్లి వచ్చిందని కల్పిస్తే అది బతికినంతకాలం దారి చూస్తూ కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం రాహేలమ్మ పుస్తకం వెనక్కి తిప్పింది.

"ఒక అధ్యాయం మీకు చెప్పకుండా దాచినాను. ఇప్పుడు చదువుతాను" అంది.

ఆగకుండా చదివింది. కథలోని పిల్ల తల్లిని ఇసుకలో పూడ్చి, తెడ్డు తానే అందుకుంది.

మస్తానమ్మ లేచి వచ్చి పంతులమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుంది. కంట్లో తడి లేదు.

"మా అమ్మ కూడా అంతే కదమ్మా. నాకు తెలుసు. అడిగితే అవ్వ వస్తాదని చెప్పి, అటు తిరిగి ఏడస్తాది. అందుకని అవ్వను అడిగేది మానేసినాను. మిమ్మల్ని అడగతా ఉండాను."

రాహేలమ్మకు అక్షరాలు కనబడలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని, కళ్ళు తుడుచుకుని, చివరి అధ్యాయం మొదలుపెట్టింది. పడవ సముద్రంలోకి దిగేసరికి మస్తానమ్మ ఏడ్చింది. రెండేళ్ళుగా ఏడవని ఏడుపు అది.