హైమవతి రౌండుకి వస్తోంది

ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్‌లో అట్టపెట్టెలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రమాదాలు జరక్కుండా చూడటం హైమవతి ఉద్యోగం. ఏ మిషన్ దగ్గర ఏ ముప్పుందో, దాన్నెలా తప్పించాలో చెప్పే రిస్క్ అసెస్‌మెంట్ ఆవిడే రాసింది, అదీ మే నెలలో. అందులో వదులు బట్టలు వేసుకోకూడదన్న నియమం ఒకటి. మే నెల ఎండకి ఒంటిమీద బనీనే బరువు కాబట్టి, ఆ నియమానికి ఎదురు చెప్పినవాడు లేడు. పెళ్ళై కాకినాడ నుంచి వచ్చాక ఢిల్లీ చలి ఎన్నోసార్లు ఎముకలు కొరికిన మనిషే, కానీ ఎండలో కూర్చుని రాసేటప్పుడు చలి ఎవరికి గుర్తొస్తుంది?

జనవరి వచ్చింది. హైమవతికి అట్టని లోపలికి లాగే పెద్ద రోలర్ అంటేనే భయం. మఫ్లర్ కొస అందులో పడిందంటే దాని వెనకే మెడ కూడా వెళ్తుంది. అందుకే రోజూ రౌండుకి వెళ్ళి మెడలే చూసేది. ఒక్కదానికీ మఫ్లర్ ఉండేది కాదు. మావాళ్ళు బంగారం అనుకుని తృప్తిగా టీ తాగేది, పిచ్చితల్లి.

ఒకరోజు పొగమంచులో ముందు గేటుకి లారీ అడ్డం పడింది. ఆవిడ చుట్టూ తిరిగి, సరుకెక్కించే వెనక షట్టర్ నుంచి లోపలికొచ్చింది. రోలర్ దగ్గర సత్పాల్, ఆ మిషన్ ముందే తల నెరిసిన మనిషి, మెడకి మఫ్లర్ చుట్టుకుని వంగి ఉన్నాడు. దాని కొసలు ఊగుతున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిణ్ణి చూడగానే అందరి చేతులూ మెడల మీదికి వెళ్ళాయి. ముందు గేటు దగ్గర గార్డు తనని చూసి రోజూ ఈలెందుకు వేస్తాడో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోగా తెరిచిన షట్టర్లోంచి గాలి వీపుని కోసేసింది.

"ఈ గాలిలో రోజంతా ఎలా ఉంటున్నారు భయ్యా?" అంది తన కాకినాడ హిందీలో.

"మఫ్లర్‌తోనే మేడమ్‌జీ," అన్నాడు సత్పాల్ తలొంచుకుని. "మీరొచ్చేటప్పుడు తీసేస్తాం."

సాయంత్రం మయూర్ విహార్‌లో ఇల్లు చేరేసరికి అత్తగారు మాణిక్యాంబ బఠానీలు ఒలుస్తోంది. హైమవతి గోడు వెళ్ళబోసుకుంది. "నా కళ్ళముందే బుద్ధిగా ఉంటున్నారత్తయ్యా."

"నీ కూతురు అక్షర మాత్రం? నువ్వు బాల్కనీలో ఉన్నంతసేపే ఒంటిమీద స్వెట్టరు. మలుపు తిరిగితే సంచీలోకే. గుచ్చుకుంటాదంట. ఎందుకు తీసేస్తున్నావే అని ఎప్పుడైనా అడిగేవా?"

"చుభ్‌తా హై, నానమ్మా," అంది లోపల్నుంచి అక్షర.

హైమవతి అత్తగారి తలకేసి చూస్తూ ఉండిపోయింది. దసరా నుంచి శివరాత్రి దాకా ఆ తల దిగని మంకీ క్యాప్. ఎన్నిసార్లు నవ్వుకుందో దాన్ని చూసి! మెడదాకా వెచ్చగా, బిగుతుగా ఉంటుంది. వేలాడే కొసలే లేవు.

మర్నాడు చలికి ఏదైనా చెయ్యాలంటే మేనేజర్ ఖర్చని నసిగాడు. ఆవిడ వాదించలేదు. మాట్లాడదాం రండంటూ తీసుకెళ్ళి షట్టర్ దగ్గర నిలబెట్టి, ఆయన పళ్ళు టకటకలాడేదాకా మాట్లాడింది. షట్టర్‌కి దళసరి ప్లాస్టిక్ తెరలూ, అందరికీ మంకీ క్యాపులూ వచ్చాయి. అప్పట్నుంచి హైమవతి టీ తన గదిలో తాగడం మానేసింది. మిషన్లవాళ్ళతో కూర్చుని, ఈ వారం ఏం మారింది, ఏది ఇబ్బందిగా ఉంది అని అడుగుతూ తాగేది. మొదట్లో అంతా ఠీక్ హై అనేవాళ్ళు. తర్వాత్తర్వాత నోళ్ళు విచ్చుకున్నాయి.

ఈల వెయ్యొద్దని మాత్రం గార్డుకి చెప్పలేదు. చెప్తే ఆగుతుంది, ఆవిడకి తెలుసు. అలా ఆగితే ఏం లాభం? ఈల వినబడిన ప్రతి ఉదయం, ఇంకా నన్ను చూసే భయపడుతున్నారు, రోలర్‌ని చూసి కాదు అనుకుని దిగులుపడేది.

ఒక ఉదయం గార్డు లేచి నమస్తే చెప్పాడు. ఈల వెయ్యలేదు. లోపల అందరూ మంకీ క్యాపుల్లో అచ్చం మాణిక్యాంబ చుట్టాల్లా ఉన్నారు. నవ్వాపుకుంటూ రోలర్ మీదికి వంగబోయింది.

సత్పాల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీదీ, చున్నీ," అన్నాడు.

మొన్నటిదాకా మేడమ్‌జీ అన్న మనిషి. హైమవతి వెనక్కి జరిగి, చున్నీ తీసి మడిచి సంచీలో పెట్టుకుంది. సిగ్గనిపించలేదు. చాన్నాళ్ళకి ప్రాణం హాయిగా ఉంది.