కుర్చీలో అల్లుడు, చిమ్నీలో బొగ్గు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఎల్బీనగర్‌లో ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కాను. చేతిలో అడుగూ మూతా లేని పెద్ద రేకు డబ్బా. దీన్ని చిమ్నీ స్టార్టర్ అంటారు. మధ్యలో ఉన్న జల్లెడ మీద బొగ్గులు నింపి, కింద కాగితం ముట్టిస్తే బార్బెక్యూకు నిప్పులు తయారవుతాయి. కిరోసిన్ పోయక్కర్లేదు, ఊదక్కర్లేదు. అది నా దోస్తు శ్రీకాంత్‌ది. పొయ్యి, బొగ్గుల సంచి, మసాలా పట్టించిన కోడి వాడి బండి మీద ముందే వెళ్లిపోయాయి. బండి మీద పట్టనివి రెండే మిగిలాయి: ఆ డబ్బా, నేను.

ప్రయాణానికి కారణం శ్రీకాంత్ అత్తగారు. వాడు ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. రెక్కకు బిగించే మరమేకు కూడా వాడు సరేనంటేనే గేటు దాటుతుంది. అదే మనిషికి అత్తగారింట్లో మంచినీళ్ల గ్లాసు తనంతట తాను తీసుకునే అధికారం లేదు. పెళ్లై ఏడాది దాటినా అత్త లక్ష్మమ్మ వాడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపం కాదు, మర్యాద. ఏం చెప్పాలన్నా బిడ్డ స్రవంతి ద్వారానే.

"ఒక్కసారి నా చేత్తో ఆమెకు వండి పెడ్త. మంచిగుందనో లేదనో నాతోనే అనాలె. గంతే," అని వాడి పంతం.

ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు కిటకిటలాడుతోంది. టికెట్ కొన్న అల్పసంఖ్యాకుల్లో నేనొకణ్ణి. తుర్కయాంజాల్ దాటాక సీటు దొరికింది. పక్కనున్న పెద్దమ్మ డబ్బాలో ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.

"గిది పాల క్యానా బిడ్డా? అడుగు ఊడిపోయిందేంది?"

"బొగ్గులు ముట్టించేదమ్మా."

"మీ ఇంట్ల ఊదుగొట్టం లేదా?"

ఉందో లేదో నాకు నిజంగానే తెలియదు. బొంగ్లూరు గేటు దగ్గర దిగేదాకా ఆమె మా ఆవిడ గురించి బాధపడుతూనే ఉంది.

ఇబ్రహీంపట్నంలో దిగి, చాయ్ తాగి, షేర్ ఆటోకు ముప్పై రూపాయలిచ్చి వాడి అత్తగారి పొలం చేరాను. బోరు మోటారు గది పక్కన, వేపచెట్టు నీడలో, శ్రీకాంత్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూర్చోబెట్టారు అంటే సరిగ్గా ఉంటుంది. మామ నర్సిరెడ్డి అప్పటికే సంగతి తేల్చేశాడు.

"అల్లుడు పొయ్యి ముట్టిస్తే నలుగురు ఏమంటరు? మా ఇజ్జత్ ఏం గావాలె?" నా వైపు తిరిగాడు. "నువ్ ముట్టియ్యి సారూ. నీకు ఇజ్జత్ ఫికర్ లేదు గదా."

నిజమే కాబట్టి ఒప్పుకున్నాను.

కుర్చీలోంచి ఆదేశాలు మొదలయ్యాయి. "కాగితం ఉండ చెయ్యి. గట్టిగ కాదురా, గాలి ఆడాలె. కింద పెట్టు. పైన బొగ్గులు పొయ్యి." మామ తన పేపరంతా తిరగేసి, బాగా ఆలోచించి, ప్లాట్ల ప్రకటన ఉన్న పేజీ ఒక్కటే ఇచ్చాడు. పక్కనే రింగురోడ్డు, పక్కనే విమానాశ్రయం ఉన్న ఆ వెంచరు రెండు నిమిషాల్లో బూడిదైంది.

పొగ లేచింది. మోటారు గది గోడ వెనుక నుంచి లక్ష్మమ్మ గొంతు వినిపించింది. "స్రవంతీ, అల్లున్ని జర దూరం జరగమను. కండ్లు మండుతయ్."

"నా కండ్లు మంచిగనే ఉన్నయని చెప్పు," అన్నాడు శ్రీకాంత్.

"నేనేమన్న టెలిఫోన్ తీగనా? మీరే మాట్లాడుకోరాదు!" అంది స్రవంతి.

మాట్లాడుకోలేదు. నా కళ్ల గురించి ఎవరూ అడగలేదు.

మంట పైకి కనబడగానే పనైపోయిందనుకుని డబ్బా ఎత్తాను. మీరు ఇలా చేయకండి. పై బొగ్గులు కూడా బూడిద పట్టి తెల్లబడేదాకా ఆగాలట. "అరేయ్ ఆగు! పైవి ఇంక నల్లగనే ఉన్నయ్!" అంటూ శ్రీకాంత్ ఒక్క గంతులో వచ్చి డబ్బా లాక్కున్నాడు.

అల్లుడు కుర్చీ దిగాడు. మామ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. అటు ఒక బర్రె తప్ప ఎవరూ లేరు.

"సరే, కానియ్," అన్నాడు. "బర్రె మనదే."

నిప్పులు పొయ్యిలో గుమ్మరించి, ఇనుప జాలీ మీద ముక్కలు కాల్చి, మొదటి పళ్లెం శ్రీకాంత్ స్వయంగా గోడ దాకా మోసుకెళ్లాడు. అక్కడ చిక్కొచ్చింది. అల్లుడు తినకుండా అత్త తినదు. అత్త తినకుండా ఈ అల్లుడు తినడట. ఇద్దరూ భీష్మించుకున్న ఆ సమయాన్ని వృథా చేయకుండా నేను రెండు ముక్కలు తిన్నాను.

"సల్లారితే తోలు లెక్క సాగుతది అత్తమ్మా. నేను గిటు తిరిగి నిలబడ్త, మీరు తినుండ్రి."

తిరిగి నిలబడ్డాడు. వెనుక నమిలే చప్పుడు.

"స్రవంతీ, మస్తుందని చెప్పు."

శ్రీకాంత్ మొహం వాడిపోయింది. మెచ్చుకోలు వచ్చింది గాని, పాత దారినే వచ్చింది.

నాలుగున్నరకు వాడు నన్ను బండి మీద బస్టాండుకు తెచ్చాడు. దారి పొడుగునా ఒక్కటే మాట. "మస్తుందంట," అన్నాడు, ఎవరో తిట్టిపోసినట్టు. నగరం బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కబోతుంటే వాడి ఫోన్ మోగింది. బండి మీదే ఉన్నాడు కాబట్టి స్పీకర్ పెట్టాడు. ఫోన్ స్రవంతిది. గొంతు మాత్రం అత్తగారిది.

"ఏంది శ్రీకాంత్, తిని జాలీ గట్లనే ఇడిశిపెట్టి పోయినవ్? జిడ్డు ఎండితే పోతదా? ఎవలు తోముతరు?"

వాడు ఫోన్‌ను నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. "నేనే తోముత అత్తమ్మా. వస్తున్న."

"ఉప్పు గూడ తక్కువేసినవ్. ఇంకోసారి నన్నడిగి ఎయ్యి."

వాడు బండి తిప్పాడు. నాకు వెళ్లొస్తానని చెప్పలేదు. నేను ఉన్న సంగతి గుర్తుంటే కదా. జిడ్డు జాలీ తోమడానికి అంత వేగంగా పోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

కిటికీ పక్క సీటు దొరికింది. చొక్కా నిండా పొగ వాసన. పక్కాయన రెండు సీట్లు వెనక్కి మారాడు, మంచిదే అయింది. వెళ్లదలచినవారికి చెప్పేదేమంటే, ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం గంట ప్రయాణం. శ్రీకాంత్‌కు మాత్రం ఏడాది పైనే పట్టింది.