నాలుగో ఆకు

ఆకుపచ్చ రంగంటే నాకు విసుగు పుట్టింది అమెరికా వచ్చాకే. ఫిబ్రవరి సగంలో దుకాణాల్లో ఎర్ర గుండె బొమ్మలు దించేస్తారు. మర్నాటికల్లా అవే కొక్కేలకి పచ్చ టోపీలు వేలాడతాయి. పచ్చ పూసల దండలు, పచ్చ కళ్ళజోళ్ళు, చెవులకి తగిలించుకునే పచ్చ గడ్డాలు, రంగు కలిపిన పచ్చ డోనట్లు. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో కాపురం పెట్టిన కొత్తలో, మార్చిలో వచ్చే ఐర్లండ్ వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డే అంటే ఇంతేననుకున్నాను.

మా టీమ్‌లో ఐర్లండ్ మూలాలున్న మనిషి ఒక్కరూ లేరు. సగం మంది గుంటూరు, హైదరాబాదు, చెన్నై వాళ్ళం. అయినా ఏటా మేనేజర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చేది. అందరూ గ్రీన్ వేసుకుని రావాలి, వేసుకోని వాళ్ళని గిల్లుతాం, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి ఏదో ఒకటి గ్రీన్‌గా వండి తేవాలి. నేను చెబుతున్నది మాంద్యం ఏడాది సంగతి. మా వరసలో క్యూబికల్స్ ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. హెచ్-వన్ వీసా మీద ఉన్నదాన్ని, ఉద్యోగం పోతే సామాను సర్దుకోవాల్సిందే. అందుకని లోపల కారాలు మిరియాలు నూరుకుంటూనే పచ్చ స్వెటర్ వేసుకుని, కొత్తిమీర అన్నం కలిపి పట్టుకెళ్ళేదాన్ని.

ఆ పండగ ఇంకోలా కూడా ఉంటుందని నాకు తెలిసింది మా కింది ఫ్లాట్ ఆవిడ వల్ల. ఒంటరి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. తల్లీ తండ్రీ ఐర్లండ్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. అంతకు ముందొక మార్చిలో లాండ్రీ రూమ్ దగ్గర కలిసినప్పుడు, మంచి మాట అనుకుని, మీ పండగ వస్తోందిగా అన్నాను. ఆవిడ గోడకి అంటించి ఉన్న కాగితపు ఆకు బొమ్మని వేలితో చూపించింది.

"ఎన్ని ఆకులున్నాయి?"

"నాలుగు."

"షామ్‌రాక్‌కి ఉండేవి మూడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. నాలుగోది షాపులవాళ్ళది."

ఆ మాటతో ఆవిడ నాకు నచ్చేసింది. నాలాగే మండిపడే మనిషి ఇంకొకరు దొరికారన్న సంతోషం అది. వాళ్ళ చిన్నప్పుడు ఆ రోజు పొద్దున్నే చర్చికి వెళ్ళి, ఇంటికొచ్చి, తల్లి చేసిన సోడా బ్రెడ్ తిని, పోయినవాళ్ళని తలుచుకుని పడుకునేవాళ్ళట. తాగి తందనాలాడటం వాళ్ళింట లేదు. చర్చికి వెళ్ళే ముందు తల్లి కిటికీలో కుండీలోంచి ఒక షామ్‌రాక్ రెమ్మ తుంచి కోటుకి పెట్టుకునేది. ఈవిడ పెళ్ళయినప్పుడు ఆ కుండీ చేతికిచ్చింది. అప్పట్నుంచీ ఏటా ఆ పొద్దున ఈవిడా ఒక రెమ్మ తుంచి పెట్టుకునే వెళ్తోంది.

"ఐర్లండ్ నుంచి వచ్చింది కాదులే. ఓడ దిగాక ఎవరో చర్చిలో ఇచ్చారు. అసలు షామ్‌రాక్ ఇది కాదు, వేరే అనేవాళ్ళూ ఉన్నారు. మా అమ్మ పెట్టుకున్నది మాత్రం ఇదే" అంది.

మీ కొత్త సంవత్సరం ఎప్పుడని నన్నడిగింది. అసలు రోజు సోమవారం, మేం చేసుకునేది ఆ పై శనివారం, స్కూల్ ఆడిటోరియం అప్పుడే దొరికింది అన్నాను. ఉగాది పచ్చడి గుటకెడు ప్లాస్టిక్ కప్పుల్లో ఇస్తారనీ, ఆ కప్పు మీద ఇళ్ళమ్మే ఏజెంటు ఫొటో ఉంటుందనీ, వేపపువ్వు దొరక్క నాలుగు మెంతులు వేస్తారనీ చెప్పలేదు. సిగ్గేసింది.

మాంద్యం ఏడాది ఫిబ్రవరి చివర ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. తర్వాత కొన్నాళ్ళు రీహాబ్ సెంటర్లో ఉండాలి. వెళ్తూ కుండీ మా ఇంట్లో పెట్టింది. పండగ ముందు రోజుకి తిరిగొచ్చేస్తాననీ, కిటికీ దగ్గర పెడితే చాలనీ చెప్పింది. గుబురుగా, కుండీ అంచులు దాటి పొంగుతున్న మొక్క. గుండె ఆకారంలో మూడేసి ఆకులు. చీకటి పడితే గొడుగు మూసినట్టు ముడుచుకునేవి.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. తెనాలి మనిషి. కారు లేకపోతే గడప దాటలేని ఊళ్ళో పగలంతా ఒక్కరే. మా ఫ్రిజ్‌లో ఉండే ఆకుకూరంటే ఐస్‌లో గట్టిపడ్డ పాలకూరే, అది ఆవిడకి గడ్డి కింద లెక్క.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఇంగువ పోపు వాసన. ఆ పొద్దునే పక్క టీమ్‌లో ఇంకో ఇద్దర్ని పంపించేశారు. అలసటో భయమో తెలీదు, ఆకలి మాత్రం దంచేస్తోంది. కంచం ముందు పెట్టుకుని వేడన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేసుకుని తిన్నాను. పుల్లగా, కమ్మగా ఉంది. ఎన్నాళ్ళయిందో అలాంటి రుచి తిని.

"చుక్కకూర ఎక్కడ దొరికిందత్తయ్యా?" అని అడిగాను.

"చుక్కకూర ఏంటమ్మాయ్, పులిచింతాకు. కిటికీలో అంత లేతగా పెంచుకుని చూస్తా కూర్చున్నారు మీరు. ముదిరిపోతే ఎందుకూ పనికిరాదు."

లేచి వెళ్ళి చూస్తే కుండీలో మొదళ్ళకంటా గిల్లిన కాడలు తప్ప ఏమీ లేవు. అత్తగారి తప్పేముంది? పొలం గట్ల మీద చిన్నప్పట్నుంచీ కోసుకున్న ఆకు, ఇక్కడ ఇంకాస్త పెద్దదిగా కనిపించింది. పులిచింతాకుని ఎవరైనా దేవుడి కోసం పెంచుకుంటారని ఎలా తెలుస్తుంది? నేను చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని నాకు తట్టలేదు. సంగతి విన్నాక ఆవిడ ముఖం మాడిపోయింది. "దుంప లోపలే ఉంది, మళ్ళీ వస్తుందిలే" అని మాత్రం అన్నారు.

వస్తుంది, కానీ పండగకి రావాలి కదా.

మర్నాటి నుంచీ కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ఊరంతా షామ్‌రాకే. బ్యాంకు అద్దం మీద షామ్‌రాక్, పిజ్జా డబ్బా మీద షామ్‌రాక్, కుక్క మెడపట్టీ మీద కూడా షామ్‌రాక్. బతికున్న ఆకు ఒక్కటి దొరకదు. కాగితం, ప్లాస్టిక్, రేకు, ఊదితే ఉబ్బే రబ్బరు, ఏది కావాలంటే అది ఉంది. ఎక్కువ వాటికి నాలుగేసి ఆకులు. ఒక పార్టీ సామాన్ల షాపులో "మూడాకులది లేదా" అని అడిగితే, నాలుగుంటే ఇంకా లక్కీ కదా అంది కౌంటర్లో అమ్మాయి. ఆ పిల్ల మీద అరవాలనిపించింది. నాకెందుకంత కోపమో నాకే అర్థం కాలేదు. ఇది నా పండగ కాదు, నా దేవుడు కాదు.

చివరికి ఒక సూపర్‌మార్కెట్ పూల విభాగంలో మొక్కలు కనిపించాయి, అవే ఆకులు. పరుగున వెళ్ళి చూస్తే, కుండీకి బంగారు రంగు రేకు చుట్టి, ఆకుల మీద మెరుపుల పొడి చల్లారు. గ్లిట్టర్ లేనిది ఉందా అని అడిగాను. అన్నీ అలాగే వస్తాయన్నారు. కొన్నాను. ఇంటికి తెచ్చి సింకులో కుళాయి కింద ఒక్కో ఆకూ కడిగాను. వేళ్ళకి అంటింది, సింకుకి అంటింది, ఆకు మీంచి మాత్రం పోలేదు. గట్టిగా రుద్దితే ఆకు చిరిగింది.

మా ఆయన చూసి, "ఆ కుండీలో ఇది నాటేస్తే సరిపోతుంది. మొక్క మొక్కే. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాడు.

"ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని కసిరాను. కానీ ఆ రాత్రి నేనూ అదే ఆలోచించాను. పచ్చడిలో వేపపువ్వు బదులు మెంతులు వేసేవాళ్ళకి అంతకన్నా ఏం తోస్తుంది.

పండగ ముందు సాయంత్రం ఆవిడ వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చింది. రెండు కుండీలూ తీసుకుని కిందికి దిగాను. అత్తగారు, నేను వద్దన్నా వినకుండా నా వెనకాలే వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత "తిన్నారా?" అంది. అత్తగారికి ఆ ఒక్క ముక్కా భాష రాకుండానే అర్థమైంది. తల వంచుకుని చేతులు జోడించారు.

పాత కుండీలో ఒక మూల, మడిచిన ఆకుతో ఒకే ఒక్క మొలక పైకొచ్చింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. "అది తుంచి పెట్టుకోండి" అన్నాను. "ఉన్నది అదొక్కటే. దాన్ని కొయ్యను" అంది. కొనుక్కొచ్చిన మొక్క ముందుకి జరిపాను. ఆకుని తాకి, వేలికంటిన మెరుపు చూసుకుని, పేపర్ నాప్కిన్‌తో తుడుచుకుంది. "ఇది వద్దు" అంది. తిట్టలేదు. తిడితే నాకు హాయిగా ఉండేది.

మర్నాడు ఆఫీసులో పచ్చ స్వెటర్‌లో, పచ్చ కేకుల మధ్య నిలబడ్డాను. స్వెటర్ మర్చిపోయి వచ్చిన కొత్త కుర్రాణ్ణి అందరూ గిల్లి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు తలుపు దగ్గరే ఉన్నారు. "ఆవిడ చర్చి నుంచి ఎలా వచ్చిందో ఏమో, ఓసారి చూసొద్దాం పద" అన్నారు. స్వెటరైనా మార్చుకోకుండా దిగాను. ఆవిడ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని ఉంది. నల్ల ఉన్ని కోటు. తల్లి కాలం నుంచీ రెమ్మ పెట్టుకునే చోట, ఎడమ పక్కన, ఒక స్టిక్కర్ మెరుస్తోంది. పచ్చగా, అరచేతంత, నాలుగాకులది.

"ఇదేంటి?" అన్నాను.

"కోటు బోసిగా ఉందని చర్చి మెట్ల దగ్గర ఒకమ్మాయి అంటించింది. అందరికీ పంచుతున్నారు. ఇవాళ ఏం రోజో మర్చిపోయారా అని అడిగింది."

"మీరేమన్నారు?"

"థాంక్యూ అన్నాను."

ఏమంటోంది అని అత్తగారు నా మోచెయ్యి తట్టారు. చెప్పాను. అత్తగారు ఇంకేం అడగకుండా కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, గోటితో స్టిక్కర్ అంచు లేపడం మొదలుపెట్టారు. కింది ఫ్లాట్ ఆవిడ కదలకుండా కూర్చుని లాగనిచ్చింది. కాగితం ఊడి వచ్చింది. జిగురూ, మెరుపుల పొడీ ఉన్నికి పట్టుకుని ఉండిపోయాయి.

అత్తగారు ఇంకాస్త గీకి, గోళ్ళు చూసుకుని, నా వైపు తిరిగారు.

"కడిగితే పోతుందా, అమ్మాయ్?"

"పోదత్తయ్యా" అన్నాను.