కొంగల మడిలో ఒడ్డు తెంపాను

మోస్రా దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన తొలి వానాకాలమే, నేను మేలు చేయబోయి ఒక ఘోరం చేశాను. మా ఆయన పోచంపాడ్ డ్యాం పనికి పోయేవాడు. పొలం, ఎవుసం అత్తా నేనూ చూసేవాళ్లం.

మా వరిమడి నడుమ తుంగా గడ్డీ పోగేసి సారస కొంగల జంట గూడు పెట్టింది. ఎర్రటి తలలు, దాదాపు నా అంత ఎత్తు. మగదేదో ఆడదేదో ఈనాటికీ పోల్చుకోలేను. ఒకటి లేస్తే రెండోది పొదిగేది. రెండూ మెడలెత్తి కూస్తే దగ్గర్లోని చక్కెర ఫ్యాక్టరీ కూత కూడా దిగదుడుపే. గూట్లో రెండు గుడ్లు.

అత్త నిజామాబాద్‌లో కూతురింటికి పోయినప్పుడు ముసురు పట్టింది. మడిలో నీళ్లు పెరిగి గుడ్లకు జానెడు దూరందాకా వచ్చాయి. చూస్తూ ఊరుకోలేక పార తెచ్చి మడి ఒడ్డు తెంపాను. మడి ఖాళీ అయింది. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తెల్లారి చూస్తే గూట్లో పెంకులే ఉన్నాయి. బురదలో గూటిదాకా కుక్కల అడుగులు. ఒక కొంగ ఇంకా గడ్డి సర్దుతోంది.

అత్త తిడితే వాడ చివరిదాకా వినబడేది. కూతురింటి నుంచి తిరిగొచ్చి సంగతి విన్న ఆ రోజు మాత్రం తిట్టలేదు. నా పక్కనే కూర్చుంది.

"నీళ్లు పెరిగితె అవే గడ్డి తెచ్చి గూడు ఎత్తు జేస్కుంటయి బిడ్డా. గా నీళ్లే వాటికి దడి. నీళ్లుంటెనే కుక్కలు రావు."

"ముందే జెప్పకపోతివి అత్తమ్మా!"

"నీకు తెల్వదని నాకేం ఎరుక?"

మరుసటేడు అదే మడిలో మళ్లీ గూడు, మళ్లీ రెండు గుడ్లు. ఆ జంటేనని నా నమ్మకం. మళ్లీ ముసురు పట్టింది. నాట్లు మునిగాయి. అత్త పార నా చేతికిచ్చింది.

"తెంపుతవా? తెంపకుంటె నాటు మురుగుతది మరి."

ఒడ్డు మెత్తబడ్డ చోట నాలుగు పారల మట్టి వేసి ఇంకా గట్టిచేశాను. కొంగలు రెండూ రోజంతా గడ్డి పీకి గూడు పైకి లేపాయి. మడిలో సగం నాటు కుళ్లిపోయింది. పక్క పొలం వాళ్లు నాకు పిచ్చి పట్టిందన్నారు. అననీ అనుకున్నాను.

ఒక గుడ్డే పగిలింది. బెల్లం రంగు పిల్ల తల్లిదండ్రుల నడుమ నీళ్లలో తప్పటడుగులేసింది. అత్త నన్ను పట్టుకుని నవ్వింది. నాకు నిరుడు పోయిన రెండు గుడ్లూ గుర్తొచ్చి, ఒడ్డు మీదే కూలబడి ఏడ్చాను.